రొండిన దోపిన దీపం

రాత్రి పదకొండు దాటింది. హోసూరు సిప్కాట్ పారిశ్రామికవాడలో షిఫ్టు ముగించుకుని, బాగలూరు రోడ్డు దిగి మీ ఊరి మట్టిదారి పట్టారు. టకటకా చప్పుడు చేసి బండి కదలనంది. చూస్తే చైను ఊడింది. దగ్గర్లో వీధిదీపం లేదు. ఫోను తీసి టార్చి వేశారు. చైను ఎక్కించాలంటే ఒక చేత్తో దాన్ని పళ్ళచక్రం మీద పట్టుకోవాలి, ఇంకో చేత్తో వెనక చక్రం తిప్పాలి. మరి ఫోను ఎవరు పట్టుకుంటారు? నోట కరుచుకుంటారా? మెడకింద ఇరికిస్తారా? నేలమీద పెడితే వెలుగు మీ మోకాలికి కొడుతుంది గానీ చైనుకు అందదు.

ఇలాంటి రాత్రి మీకు ఒకటైనా గుర్తుందా? నాకుంది. కెలమంగలం పక్కన మా చేలో, బావి గట్టుమీద పైపు జాయింటు ఊడి నీళ్ళు చిమ్ముతున్నాయి. ఫోను పళ్ళమధ్య పెట్టుకుని రబ్బరు వాషరు సరిచేస్తున్నా. దగ్గొచ్చింది. ఫోను నేరుగా బావిలోకి పోయింది. ఆ గట్టుమీంచి చేతులతో తడుముకుంటూ చేని మొదటిదాకా వచ్చిన పది నిమిషాలూ నేను మరచిపోలేదు. ఫోను ఖరీదు సంగతి అటుంచండి. వెలుగూ దాంట్లోనే, ఇంటికి కబురు చేసే దారీ దాంట్లోనే. రెండూ ఒక్కసారిగా పోయాయి.

ఫోను టార్చిని నేను తీసిపారెయ్యడం లేదు. తాళంచెవి కింద పడితే వెతుక్కోవడానికి అది చాలు. కానీ చేతులతో పనిచెయ్యాల్సి వచ్చినప్పుడు, పది నిమిషాలకు మించి వెలుగు కావాల్సి వచ్చినప్పుడు, బ్యాటరీ ఆఖరి గీత మీద ఉన్నప్పుడు ఆ పని ఫోనుకు అప్పగించకండి. దానికి వేరే వస్తువు ఉంది: తలకు కట్టుకునే చిన్న లైటు, హెడ్‌ల్యాంపు. కోడిగుడ్డంత బరువు ఉంటుంది. పట్టీతో సహా చుట్టచుడితే పిడికిట్లో పడుతుంది. ఈ అధ్యాయంలో దాన్ని తలలైటు అంటాను. అది ఇంట్లో ఉండటం గురించి కాదు నేను చెప్పబోయేది, రోజూ మీ ఒంటిమీద ఉండటం గురించి.

తలకు దీపం కట్టుకోవడం కొత్త మోజు కాదు. మన పొరుగునే ఉన్న కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అక్కడి చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అంత కిందికి దిగినవాళ్ళకు టోపీ మీద దీపమే పగలు. తెలంగాణలో సింగరేణి బొగ్గుగని కార్మికుణ్ణి ఎవరినైనా అడగండి, క్యాప్ ల్యాంపు అంటే ఏమిటో ఆయన చెబుతారు: దీపం టోపీకి, బ్యాటరీ నడుముకు, చేతులు రెండూ పనికి. గనుల్లో ల్యాంప్ రూం అని ఒక గది ఉంటుంది. దిగేముందు దీపం అక్కడ తీసుకుంటారు, పైకొచ్చాక అక్కడే అప్పగిస్తారు. ఒక దీపం తిరిగి రాలేదంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. మనం మొదట నేర్చుకోవాల్సింది ఆ పద్ధతే.

1. ఇంట్లో ఒక ల్యాంప్ రూం పెట్టుకోండి

గది అక్కర్లేదు, ఒక మేకు చాలు. బండి తాళాలు తగిలించే చోటే ఇంకో మేకు కొట్టి తలలైటు దానికి తగిలించండి. పొద్దున తాళంతోపాటు లైటు, రాత్రి తాళంతోపాటు లైటు. ఎక్కువమంది చేసే పొరపాటు ఏమిటంటే, కొన్న వారం రోజులూ జేబులో పెట్టుకుని తర్వాత బీరువాలోనో బండి సీటు కిందో వేసేస్తారు. సీటు కింద ఎండకు బ్యాటరీ పాడవుతుంది. అదీకాక, బండి ఇంటిదగ్గర ఉన్నరోజు మీరు బస్సులో వెళ్తే?

మా పక్క అవ్వలను చూడండి. రొండిన వక్కాకు తిత్తి దోపుకోకుండా గడప దాటుతారా? చేనికి పోయినా, సంతకు పోయినా, పెళ్ళికి పోయినా తిత్తి ఉండాల్సిందే. ఎవరూ గుర్తుచెయ్యాల్సిన పని లేదు. తలలైటు కూడా ఆ స్థాయికి రావాలి. ప్యాంటు వేసుకునేవాళ్ళు ఫోను లేని జేబులో పెట్టుకోండి. లుంగీ కట్టేవాళ్ళకు చొక్కా జేబు ఉంది, కాకపోతే వంగినప్పుడు జారుతుంది కాబట్టి పట్టీని గుండీకి ఒక చుట్టు వెయ్యండి. చీరకు జేబు ఉండదు. అన్నం క్యారియరు సంచిలో వేసుకుంటే సంచి ఒకచోట, మనిషి ఒకచోట అయిపోతుంది. చిన్న గుడ్డ తిత్తి కుట్టించుకుని రొండిన దోపుకోవడమే మేలు.

"ఏమన్నా, పట్టపగలే జేబులో లైటు ఏసుకోని తిరగతా ఉండావు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. నన్ను సూళగిరి సంతలో అడిగారు. "ఇంటికి పొయ్యేసరికి ఏ పొద్దయితాదో పొద్దున్నే చెప్పగలమా తమ్ముడూ?" అన్నాను. అంతే జవాబు.

2. డబ్బా మీది అంకెలు చదవడం నేర్చుకోండి

వెలుగును లూమెన్లలో కొలుస్తారు. చీకటి గదిలో వస్తువు వెతకడానికి 5 నుంచి 10 చాలు. కాలిబాటన నడవడానికి 40, 50. చేని గట్టు చివరిదాకా చూడాలంటే 150, 200. అంతకుమించింది మనకు ఎప్పుడో గానీ అవసరం పడదు. సంత బండిమీద నూటయాభై రూపాయల లైటుకు వేలకు వేల లూమెన్లు రాసి ఉంటే ఆ అంకెను నమ్మకండి. వేల లూమెన్ల వెలుగు వేడి పుట్టిస్తుంది, అరచేతిలో పట్టే బ్యాటరీ దాన్ని ఎంతోసేపు మొయ్యలేదు.

ఇంకో అంకె కూడా మనల్ని మోసగిస్తుంది. "40 గంటలు వెలుగుతుంది" అని ఉంటే నలభై గంటలూ ఒకేలా వెలుగుతుందని అనుకుంటాం. పేరున్న కంపెనీలు పాటించే కొలత పద్ధతిలో, మొదటి వెలుగు పదోవంతుకు పడిపోయేదాకా లెక్కవేస్తారు. 200తో మొదలైంది 20కి దిగేవరకూ అన్నమాట. కాబట్టి గరిష్ఠ వెలుగు ఎంత అని కాకుండా, మధ్యస్థం వెలుగులో ఎన్ని గంటలు అని అడిగి కొనండి.

తడిని తట్టుకునే శక్తిని ఐపీఎక్స్ 4 అని రాస్తే చుట్టుపక్కల నుంచి చిమ్మే నీళ్ళను ఆపుతుందని, ఐపీఎక్స్ 7 అయితే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా చెడదని అర్థం. వానకూ చెమటకూ మొదటిది చాలు. బావులు, కాలువల దగ్గర పని ఉన్నవాళ్ళు రెండోది తీసుకోండి.

చార్జింగుదా, సెల్లుదా? రోజూ ఫోను చార్జింగు పెట్టే అలవాటు ఉన్నవాళ్ళకు చార్జింగుది. అంచెట్టి వైపు కొండ ఊళ్ళలో ఉండేవాళ్ళకు టీవీ రిమోట్‌లో వేసే సన్న సెల్లుది. ఆ సెల్లు చిల్లరకొట్లోనూ దొరుకుతుంది. నాకైతే సెల్లుది నచ్చుతుంది.

3. జేబులో పెట్టేముందు తాళం వెయ్యండి

జేబులో బటన్ నొక్కుకుపోయి లైటు తనంతట తనే వెలిగి, సాయంత్రానికి బ్యాటరీ ఖాళీ అవుతుంది. తలలైటు మీద మనవాళ్ళకు నమ్మకం పోయేది ఎక్కువగా ఇందుకే. కొన్నిటికి బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే తాళం పడుతుంది. ఆ సౌకర్యం లేనివాటికి బ్యాటరీ మూతను పావు చుట్టు వదులు చేస్తే చాలు. విడి సెల్లును మాత్రం తాళాలు, చిల్లరతో కలిపి ఒకే జేబులో వెయ్యకండి. లోహం తగిలి కాలుతుంది, లావుపాటి లిథియం సెల్లయితే తొడ కాలుతుంది.

4. అతి తక్కువ వెలుగుతో మొదలుపెట్టండి

కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఒక్కసారి గరిష్ఠ వెలుగు వేస్తే అదంతా పోయి, ఆర్పిన తర్వాత మీరు గుడ్డివారైపోతారు. మొదట నేలను చూపించేటంత వెలుగు, చాలకపోతే ఇంకొంచెం.

బేరిక దగ్గర ఒక గులాబీ తోటలో తెల్లవారక ముందే కోతకు వచ్చిన ఒకక్కను చూశాను. పూలు బాగా విచ్చుకోకముందే కొయ్యాలి కాబట్టి వాళ్ళకు చీకట్లోనే పని మొదలు. ఎడమ చేత్తో కాడ పట్టుకుని, కుడిచేతి కత్తెరతో కత్తిరించి, ముళ్ళు తగలకుండా సంకలోని కట్టలోకి జారుస్తోంది. నుదుటి మీద లైటు ఉంది. వెలుగుకు పురుగులు చేరి కళ్ళల్లో పడుతున్నాయి. ఆమె పట్టీని నుదుటి నుంచి మెడకు దించింది, వెలుగు ఒక మెట్టు తగ్గించింది. పురుగులు ఇప్పుడు గడ్డం కింద తిరుగుతున్నాయి. కళ్ళు తుడుచుకోవడం ఆగిపోయింది, కత్తెర చప్పుడు ఆగలేదు. లైటు నుదుటి మీదే ఉండాలని ఎవరూ రూలు పెట్టలేదు. మెడకు, ముంజేతికి, టోపీకి, బండి హ్యాండిల్‌కు, మోటరు కొట్టం మేకుకు, ఎక్కడ పని ఉంటే అక్కడికి దాన్ని మార్చుకోండి.

5. కాలిబాటన లైటును నుదుటి నుంచి నడుముకు దించండి

ఈ ఒక్క సలహా కోసమే ఈ అధ్యాయం రాశానన్నా తప్పులేదు. వెలుగు మీ కళ్ళ పక్క నుంచే వస్తే దాని నీడలు మీకు కనబడవు. గుంట, రాయి, మిట్ట అన్నీ చదునుగా ఒకేలా కనిపిస్తాయి. పట్టీని అరచేతికి చుట్టుకుని లైటును నడుము ఎత్తున పట్టుకోండి. వెలుగు ఏటవాలుగా పడి ప్రతి గడ్డీ ప్రతి రాయీ పొడుగాటి నీడ వేస్తుంది. బాటకు అడ్డంగా చుట్టుకుని పడుకున్న రక్తపింజరి కూడా ఎండుటాకుల కుప్పలా కాకుండా పామై కనబడుతుంది.

ఇంట్లో పరీక్షించి చూడండి. చీకట్లో వాకిట్లో ఒక తాడు పడేసి, నుదుటి మీద లైటుతో ఒకసారి, నడుము దగ్గర లైటుతో ఒకసారి చూడండి. తేడా మీకే తెలుస్తుంది. డిసెంబరు మంచులోనూ ఇదే ఉపాయం. తళి చుట్టుపక్కల పొగమంచు కమ్మినప్పుడు నుదుటి లైటు తెల్లటి గోడలా కళ్ళకే తిరిగి కొడుతుంది. నడుముకు దించితే దారి తెరుచుకుంటుంది.

ఎందుకింత పట్టుబడుతున్నాను? 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్ళలో మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. అందులో సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా, వానల్లోనే. పొలం పనులు ముమ్మరంగా సాగే రోజులవి. కుక్క కళ్ళూ పిల్లి కళ్ళూ లైటు పడితే మెరుస్తాయి, పాము కళ్ళు అలా మెరుస్తాయని నమ్ముకోవద్దు. అడుగు వేసేచోటు చూడటమే దారి. కాళ్ళకు బూట్లు, చేతిలో కర్ర, ముందు నేలను తడుతూ నడవండి.

ఒకవేళ కాటు పడితే? కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. కాలు కదలకుండా ఉంచి 108కి చెయ్యండి. హోసూరు, కృష్ణగిరి ప్రభుత్వాసుపత్రులు మనకున్నాయి, మంత్రగాడి దగ్గర గంట పోగొట్టకండి. ఆ క్షణంలో ఫోను మాట్లాడటానికి పనికిరావాలంటే దాని బ్యాటరీని టార్చికి తగలేసి ఉండకూడదు.

6. ఎర్ర వెలుగు ఎప్పుడు, ఎప్పుడు వద్దు

చాలా తలలైట్లలో ఎర్ర వెలుగు కూడా ఉంటుంది. పిల్లలు పడుకున్న గదిలో బట్టలు తీసుకోవడానికి, రాత్రి బస్సులో పక్కవాళ్ళను లేపకుండా సంచి వెతుక్కోవడానికి చాలా బాగుంటుంది. కళ్ళు చీకటి అలవాటు పోగొట్టుకోవు, పురుగులు కూడా తక్కువ వస్తాయి. అయితే కాలిబాటన మాత్రం వద్దు. ఎర్ర వెలుగులో రంగులన్నీ కలిసిపోతాయి. ఎర్రమట్టి మీద గోధుమరంగు పాము కనబడదు. గాయం నుంచి కారే రక్తం కూడా తడిలా ఉంటుందే తప్ప రక్తంలా కనబడదు. దెబ్బ తగిలినవాళ్ళకు కట్టుకట్టేటప్పుడు తెల్ల వెలుగే వెయ్యండి.

7. ఎదుటి మనిషి కళ్ళు

తలలైటు పెట్టుకున్నవాళ్ళు ఎవరివైపు తిరిగితే వాళ్ళ కళ్ళల్లో సూదులు గుచ్చినట్టవుతుంది. మీరు మర్యాదగా "బాగుండావా మామా?" అని పలకరించినా ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని ముఖం తిప్పుకుంటాడు. మాట్లాడేముందు లైటును నేలవైపు వంచండి, లేదా అరచేత్తో మూయండి. ఇది మూడు రోజుల్లో అలవాటవుతుంది. 44వ నంబరు జాతీయ రహదారి పక్కన నడవాల్సి వస్తే ఎదురుగా వచ్చే బండ్లవైపు ముఖం పెట్టి నడవండి, లైటు మాత్రం మీ పాదాల మీద ఉండాలి. డ్రైవరు కళ్ళల్లో వేస్తే ఆయనకు మీరే కనబడరు. తలలైటుతో బండి నడపడం కూడా సరికాదు. బండి లైటు పాడైతే బండిని తోసుకుంటూ రావడానికే ఇది.

8. ఏనుగుల కాలంలో

రాగి కోతల రోజుల్లో బన్నేరుఘట్ట అడవి నుంచి ఏనుగుల గుంపులు జవళగిరి, డెంకణికోట, సానమావు వైపు వస్తాయి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి: తలలైటు ఆయుధం కాదు. "చేతిలో లైటుంది కదా" అన్న ధైర్యంతో చేనికి పోకండి. అటవీశాఖ వాళ్ళు ఇళ్ళనుంచి బయటికి రావద్దని చెప్పిన రాత్రి మీ లైటు మేకుకే ఉండాలి. తెల్లవారుజామున బహిర్భూమికి పొలాల్లోకి వెళ్ళడమూ మానండి. దారిలో కొమ్మలు విరుగుతున్న చప్పుడో, లద్దె వాసనో తగిలితే లైటు నేలకు దించి, వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి రండి. ఏనుగు కళ్ళల్లో వెలుగు కొట్టి రెచ్చగొట్టకండి. చేను పోతే పరిహారం అడగొచ్చు.

9. ఆదివారం ఐదు నిమిషాలు

వారానికొకసారి వెలిగించి చూడండి. చార్జింగుదైతే పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగొద్దు. బ్యాటరీ ఉబ్బినట్టుంటే వాడటం ఆపెయ్యండి. సెల్లుదైతే పాతదీ కొత్తదీ కలిపి వెయ్యకండి, నెలల తరబడి వాడనప్పుడు సెల్లు తీసేసి ఉంచండి. లోపల తెల్లటి పొడి కనిపిస్తే ఆల్కలైన్ సెల్లు కారిందని అర్థం. వట్టి చేత్తో ముట్టుకోకుండా, నిమ్మరసంలో తడిపిన గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. చాలాసార్లు లైటు మళ్ళీ వెలుగుతుంది. పట్టీ చెమట వాసన వేస్తే సబ్బుతో ఉతకండి. చిన్న బిళ్ళ సెల్లు వాడే లైటైతే పసిపిల్లలకు అందనివ్వకండి, మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

కరెంటు పనుల గురించి ఒక మాట. తలలైటు ఉంది కదా అని రాత్రిపూట స్టార్టరు పెట్టె విప్పకండి. మెయిన్ స్విచ్ ఆపకుండా ఫ్యూజు జోలికి పోవద్దు, ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి అసలే వద్దు. తడి కాళ్ళతో వెలుగు ఉన్నా లేనట్టే. లైన్‌మ్యాన్ వచ్చేదాకా ఆయన చెయ్యాల్సిన చోటుకు వెలుగు పట్టడమే మీ పని.

ఇక ఈ రాత్రి ఒక సాధన చెయ్యండి. భోజనాలయ్యాక ఇంట్లో లైట్లన్నీ ఆర్పమని చెప్పండి. కళ్ళు మూసుకోండి. జేబులోనో రొండినో ఉన్న తలలైటును తీసి, తాళం విప్పి, పట్టీ తలకు బిగించి, అతి తక్కువ వెలుగు వెయ్యండి. ఇంట్లో పిల్లలుంటే వాళ్ళను ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టమనండి. మొదటిసారి ముప్ఫై దాటుతుంది. పట్టీ మెలికపడుతుంది, బటన్ ఎటువైపో తెలియదు. చుట్టి పెట్టేటప్పుడు బటన్ బొటనవేలి కిందికి వచ్చేలా ఎప్పుడూ ఒకేలా చుట్టండి. మళ్ళీ చెయ్యండి. పిల్లలు పది అనేలోపు గోడమీద వెలుగు పడాలి.